చిన్న జాగాల ఇళ్లవాళ్లారా, గల్లీకో అర్జీతో కదలండి!



ఈ కాగితం చెత్తబుట్టలో వేసే ముందు మీ ఇంటి దస్తావేజు ఒకసారి తీసి చూడండి. అందులో ఎన్ని గజాలు రాసి ఉంది? అరవై, ఎనభై, తొంభై, నూట ఇరవై అని ఉంటే ఈ కరపత్రం మీకోసమే. మూడు వందల గజాలు ఉన్నవాళ్లు చదివినా మంచిదే. మీ పిల్లల మధ్య పంపకాలయ్యే రోజుకు మీ జాగా కూడా చిన్నదే అవుతుంది.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్, మన ఈ మూడు బస్తీల్లో జాగాలు మొదటి నుంచీ ఇంత చిన్నవి కావు. తాత కొన్నప్పుడు మూడు వందల అరవై గజాలు. నలుగురు కొడుకులు పంచుకుంటే తలా తొంభై. ఆడపిల్లలకూ సమాన వాటా ఇవ్వాలని మన రాష్ట్రంలో చట్టం సవరించారు. అది 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైంది. దేశమంతటా 2005లో వచ్చింది. అక్కచెల్లెళ్ల వాటా న్యాయమైన వాటా, అందులో వాదనకు తావు లేదు. వాటాదారులు పెరిగితే ముక్కలు పెరుగుతాయి, గజాలు తగ్గుతాయి. ఆ ముక్క మీద చట్టప్రకారం ఇల్లు కట్టుకునే దారి ఏదని అడగడమే మన పని.

దారి అసలు లేదని బస్తీలో చాలామంది నమ్ముతున్నారు. అది నిజం కాదు. దళారులు బతికేది ఆ నమ్మకం మీదే. "మీ జాగాకు పర్మిషన్ రాదు సార్, నేను చూసుకుంటా, స్లాబుకు ఇంత" అని ఎవరైనా గుమ్మంలోకి వస్తే వెంటనే డబ్బు తీయకండి. ముందు ఈ కాగితం చదవండి.

2020లో తెలంగాణ శాసనసభ టీఎస్ బీపాస్ చట్టం చేసింది. 75 గజాల లోపు జాగాలో, ఏడు మీటర్ల ఎత్తు దాటకుండా, కింద ఒక అంతస్తు పైన ఒక అంతస్తు కట్టుకునేవాళ్లకు పర్మిషనే అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో వివరాలు నమోదు చేసి ఒక్క రూపాయి కడితే చాలు. దానితోపాటు ఆస్తి పన్ను కింద వంద రూపాయలు. అంతకు పెద్ద జాగాలకు, 500 చదరపు మీటర్ల వరకు, పది మీటర్ల ఎత్తు లోపల కట్టే ఇళ్లకు యజమాని సొంత ధ్రువీకరణ మీదే అక్కడికక్కడ అనుమతి వస్తుంది. 500 చదరపు మీటర్లంటే దాదాపు 600 గజాలు. మన బస్తీల్లో సొంతిళ్లు దాదాపు అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. 2025 నుంచి ఈ దరఖాస్తులు బిల్డ్‌నౌ అనే కొత్త వ్యవస్థలోకి మారాయి.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. అనుమతి మీ మాట మీద ఇస్తారు కాబట్టి మాట తప్పితే శిక్ష కూడా గట్టిదే. ఇచ్చిన అనుమతిని 21 రోజుల్లోపు పరిశీలించి రద్దు చేయొచ్చు. తప్పుడు వివరాలు ఇచ్చి కడితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఆ చట్టంలో ఉంది. కూల్చివేతలకు ముందు పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు చెప్పింది నిజమే. ఆ రక్షణ రోడ్డు మీదికో నాలా మీదికో జరిగి కట్టినవాళ్లకు వర్తించదని అదే తీర్పులో ఉంది. కోర్టు కాపాడుతుందిలే అని మొండిగా పిల్లర్లు లేపకండి.

ఇప్పుడు అసలు ఇబ్బంది దగ్గరికి వద్దాం. జాగా చిన్నదైనంత మాత్రాన అనుమతి ఆగదు. చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, ముందు రోడ్డుకు ఎంత పోతుంది అన్న లెక్కలో ఇల్లు కరిగిపోతుంది. ఆ లెక్కలు 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168లో ఉన్నాయి. పద్నాలుగేళ్లుగా మన ఇళ్ల కొలతలను శాసిస్తున్న కాగితం అదే. మన బస్తీలో దాన్ని చదివినవాళ్లు తక్కువ. అందుకే ఇక్కడ ఒక జాగా తీసుకుని టేపు పెట్టి కొలుద్దాం.

వెడల్పు 18 అడుగులు, లోతు 45 అడుగులు. మొత్తం 810 చదరపు అడుగులు, అంటే 90 గజాలు, చదరపు మీటర్లలో 75. ముందు ఒకటిన్నర మీటరు వదలాలి, సుమారు ఐదు అడుగులు. యాభై నుంచి వంద చదరపు మీటర్ల జాగాలో ఏడు మీటర్ల ఎత్తు వరకే కడితే మిగతా మూడు పక్కలా ఏమీ వదలక్కర్లేదు. అంటే అంతస్తుకు 720 చదరపు అడుగులు, రెండు అంతస్తులకు 1,440. నలుగురు ఉండే కుటుంబానికి ఇది మంచి ఇల్లే.

మూడో అంతస్తు కావాలంటే ఎత్తు పది మీటర్లకు పోతుంది. అప్పుడు మూడు పక్కలా అర మీటరు చొప్పున వదలాలి. 18 అడుగుల వెడల్పు పద్నాలుగున్నర పైచిలుకుకు పడిపోతుంది. అంతస్తుకు 565 అడుగుల దాకా వస్తుంది. మూడు అంతస్తులు కలిపితే సుమారు 1,700. మూడో స్లాబుకయ్యే ఇనుము, సిమెంటు, సెంట్రింగ్ ఖర్చంతా పెట్టి మీరు అదనంగా సంపాదించేది రెండు వందల అరవై అడుగుల చోటు. అందులోనూ మెట్లకు పోయేది పోతుంది. కాబట్టి తొంభై గజాలవాళ్లు ముందుగా ఆలోచించాల్సింది రెండంతస్తుల ఇల్లే. "పైన ఇంకోటి వేద్దాం సార్, కిరాయి వస్తుంది" అని మేస్త్రీ అంటాడు. ఆయన చెప్పిన లెక్క కాగితం మీద కూడా కుదరాలి కదా.

ఇక 120 గజాలవాళ్ల గతి చూడండి. వెడల్పు 24 అడుగులు, లోతు 45. వంద చదరపు మీటర్ల గీతకు కొంచెం అవతల పడింది. గీత దాటగానే, ఎత్తు ఏడు మీటర్లే అయినా సరే, ముందు ఒకటిన్నర మీటరుతోపాటు మిగతా మూడు పక్కలా మీటరు చొప్పున వదలాలి. కట్టుకోగలిగేది అంతస్తుకు 640 అడుగులు. తొంభై గజాలవాళ్లకు రెండంతస్తుల ఇంట్లో అంతస్తుకు 720 వస్తుంటే, అంతకంటే ముప్పై గజాలు ఎక్కువున్నవాళ్లకు 640! వీళ్లకు మూడో అంతస్తు అదే ఖాళీలతో వస్తుంది, నిజమే. కానీ మూడో అంతస్తుకు డబ్బులేని రిటైర్డ్ గుమాస్తాకు ఆ వెసులుబాటు దేనికి? జాగా పెరిగినకొద్దీ ఇల్లు తగ్గిపోయే ఈ గీతను ఎవరూ కావాలని గీయలేదు. లెక్క వేసి చూసినవాళ్లు లేక పద్నాలుగేళ్లుగా అలా ఉండిపోయింది. మనం వేసి చూపిస్తే మారుతుంది.

గల్లీ సంగతి ఇంకా కష్టం. మన గల్లీల్లో చాలావాటికి గోడ నుంచి గోడకు పన్నెండు, పదిహేను అడుగులు. అందులోనే మోరీ, బండ్లు, ఒక్కో ఇంటి అరుగు. రోడ్డు విస్తరణ ప్లాన్‌లో ఆ గల్లీ ముప్పై అడుగులు కావాలని ఉంటే మధ్య గీత నుంచి పదిహేను అడుగుల దాకా మీరు వెనక్కి జరగాలి. పన్నెండడుగుల గల్లీలో మీ వైపు ఇప్పుడున్నది ఆరడుగులే, కాబట్టి తొమ్మిదడుగులు పోతాయి. 18 అడుగుల వెడల్పు మీద తొమ్మిదడుగులంటే 162 చదరపు అడుగులు, 18 గజాలు. మీ తొంభై గజాలు 72 అవుతాయి. ముందు ఐదడుగుల ఖాళీ కూడా తీసేస్తే అంతస్తుకు 558 అడుగులు.

ఇక్కడే మన మొదటి కోరిక పుడుతుంది. రోడ్డుకు ఉచితంగా వదిలేశాక నా దగ్గర మిగిలేది 72 గజాలైతే నన్ను 75 గజాలవాడిగానే లెక్కించాలి. దస్తావేజులో 90 అని ఉంది కాబట్టి పెద్ద జాగా దారిలో రమ్మనకూడదు. ప్రజల రోడ్డు కోసం 18 గజాలు వదిలిన మనిషికి ఒక్క రూపాయి నమోదు హక్కు కూడా దక్కకపోతే ఎవరు ముందుకొచ్చి వదులుతారు? రోడ్డుకు జాగా ఇచ్చినవాళ్లకు ఖాళీల్లో సడలింపు లేదా బదిలీ చేసుకోదగిన అభివృద్ధి హక్కు ఇవ్వాలని జీవో 168లోనే ఉంది. ఆ హక్కు పత్రాన్ని బిల్డర్లకు అమ్ముకోవచ్చు. కానీ పద్దెనిమిది గజాల పత్రం పట్టుకుని బిల్డర్ల వెంట తిరగడం ఏ ముసలమ్మ వల్ల అవుతుంది? ఆమెకు కావాల్సింది సడలింపు. దరఖాస్తులోనే, అడగకుండానే, అది లెక్కలోకి రావాలి.

మన మాటకు ఎదురుమాట కూడా ఉంది, దాన్ని గౌరవంగా వినాలి. ఖాళీలు వదలమన్నది కక్షతో కాదు. మన నగరం ఇరుకు ఇళ్ల బాధ చాలానే పడింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద ఇళ్లకు ఇళ్లు తుడిచిపెట్టింది. ఆ తర్వాత ప్లేగు. 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి నాంపల్లి లాంటి చోట్ల కిక్కిరిసిన ఇళ్లను తీసేసి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు, వెడల్పు రోడ్లు వేయించింది. గాలి కోసం, వెలుతురు కోసం, మంటలంటుకుంటే మనుషులు బయటపడే సందు కోసం ఖాళీ కావాలి. అశోక్‌నగర్ గల్లీల్లో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలు ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు ఉంటున్నారు. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చుని, నిద్రకు ఆ గదులకే పోతారు. వాళ్ల కిరాయి మీద ఆశతో వంద గజాల్లో ఐదంతస్తులు లేపి, మెట్ల కింద గ్యాస్ సిలిండర్లు పేర్చి, ఒకే ఇనుప తలుపు పెట్టిన కట్టడాలు మన కళ్లముందే ఉన్నాయి. వాటిని మనం సమర్థించం. ఈ అర్జీ వాటి కోసం కాదు. ఐదంతస్తుల హాస్టల్ కట్టాలనుకునేవాళ్లు దీని మీద సంతకం పెట్టొద్దు.

మనం అడిగేది ఉండటానికి కట్టుకునే ఇల్లు. కింద ఒకటి, పైన ఒకటి, మహా అయితే ఇంకొకటి.

దీనికి వేరేచోట్ల దారులు దొరికాయి. కేరళ 1999లో చేసిన మున్సిపాలిటీ భవన నిబంధనల్లో 125 చదరపు మీటర్ల లోపు జాగాలకు విడిగా ఒక అధ్యాయమే పెట్టింది, ఖాళీల విషయంలో సడలింపు ఇచ్చింది. 125 చదరపు మీటర్లంటే 150 గజాలు. తమిళనాడు 2024 జూలైలో 2,500 చదరపు అడుగుల లోపు జాగాలకు సొంత ధ్రువీకరణ తెచ్చింది. జపాన్‌లో నాలుగు మీటర్లకంటే ఇరుకైన గల్లీలో పాత ఇల్లు తీసి కొత్తది కట్టేవాళ్లు మధ్య గీత నుంచి రెండు మీటర్లు వెనక్కి జరిగితే చాలు. ఒక్కో ఇల్లు కొత్తగా లేచినప్పుడల్లా గల్లీ కొంచెం కొంచెంగా వెడల్పవుతుంది, ఎవరి ఇల్లూ పూర్తిగా పోదు. మన పిల్లలు ఎంతోమంది ఉంటున్న హ్యూస్టన్‌లో 1998లో నగరం నడిబొడ్డున ఇంటి జాగా కనీస పరిమాణాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి 1,400కు దించారు. అంటే 155 గజాలు. 2013లో దాన్ని నగరమంతటికీ విస్తరించారు. అమెరికాలాంటి విశాలమైన జాగాలున్న దేశమే చిన్న జాగాకు చోటిచ్చింది. తలా తొంభై గజాలు పంచుకుని బతికే మనకు ఎందుకు ఇవ్వకూడదు?

కాబట్టి అర్జీలో అడిగేది ఇదీ. పాత బస్తీల్లో 150 గజాల లోపు జాగాలకు విడి నిబంధన కావాలి. వంద చదరపు మీటర్లు దాటిన జాగాలో ఏడు మీటర్ల ఎత్తు లోపు ఇల్లయితే, పక్కింటివాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటే, ఒక పక్క ఉమ్మడి గోడకు ఆనించి కట్టుకోనివ్వాలి. రెండో పక్కన గాలి, వెలుతురు వచ్చేలా మీటరు సందు తప్పక వదులుతాం. వంద చదరపు మీటర్ల గీత దగ్గర ఖాళీ ఒక్కసారిగా పెరగకూడదు, మెల్లగా పెరగాలి. రోడ్డుకు వదిలాక మిగిలే గజాలనే లెక్కలోకి తీసుకోవాలి. ఒక్కో గల్లీ ఎంత వెడల్పవుతుందో, మధ్య గీత ఎక్కడో, ఎవరింటి ముందు ఎంత పోతుందో గల్లీ మొదట్లో బోర్డు రాసి పెట్టాలి. దరఖాస్తు పెట్టాకగానీ తెలియని సంగతిగా అది ఉండకూడదు. తాతల నాటి ఇంటిని అన్నదమ్ములు రిజిస్టర్ పంపకంతో విడదీసుకుంటే దాన్ని ఊరవతల కోసిన వెంచర్ ప్లాట్లతో సమానం చేసి క్రమబద్ధీకరణ రుసుములు అడగకూడదు. కంప్యూటర్ రాని పెద్దల కోసం వార్డు కార్యాలయంలో వారానికి ఒక పూట ఒక మనిషి కూర్చుని దరఖాస్తు నింపి పెట్టాలి.

మనవైపు నుంచి కూడా మాట ఇవ్వాలి, అర్జీలో అదీ రాస్తాం. ముందు మెట్లు గల్లీలోకి దించం. మోరీ మీద అరుగు కట్టం. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లు పోయే నాలా మన బస్తీల పక్కనుంచే పారుతోంది. పది మీటర్లకంటే వెడల్పైన నాలా నుంచి తొమ్మిది మీటర్లు, అంతకంటే చిన్నదాని నుంచి రెండు మీటర్లు వదలాలన్నది నిబంధన. ఆ హద్దు లోపల ఒక్క ఇటుక కూడా పెట్టం. అక్కడ ఇల్లున్నవాళ్ల బాధ వేరు, దానికి పునరావాసం అడగాలి. ఈ అర్జీతో దాన్ని కలిపితే రెండూ చెడతాయి.

అర్జీ ఫలించేదాకా చేతులు కట్టుకు కూర్చోమనట్లేదు. ఇప్పుడున్న నిబంధనల్లోనే చేసుకోగలిగినవి ఉన్నాయి.

మొదటిది కాగితాలు. పెద్దమనుషుల ముందు రాసుకున్న పంపకం కాగితం ఇంట్లో శాంతికి పనికొస్తుంది, దరఖాస్తుకు పనికిరాదు. పంపకాన్ని రిజిస్టర్ చేయించండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ సంతకం పెట్టగలిగే స్థితిలో ఉండగానే చేయించండి. ఒకరు కాలం చేస్తే వారసుల సంతకాలు, అమెరికా నుంచి పవర్ ఆఫ్ అటార్నీలు అంటూ పని ఏళ్లకు సాగుతుంది. లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటి పన్ను రసీదులు ఒక ఫైల్లో పెట్టండి. దస్తావేజులో రాసిన కొలతలు, నేల మీద ఉన్న కొలతలు ఒకటేనా అని టేపు పట్టి చూడండి. పాత ఇళ్లలో అవి చాలాచోట్ల కలవవు.

రెండోది, తొంభై గజాల ముక్కలు పక్కపక్కనే ఉన్న అన్నదమ్ములు కలిసి ఒకే ప్లాన్ వేసుకోవచ్చు. నాలుగు ముక్కలు కలిస్తే 360 గజాలు. మూడో అంతస్తు వేస్తే ముక్కల మధ్యలో వదలాల్సి వచ్చే సందులన్నీ ఇంట్లోకి కలుస్తాయి, అంతస్తుకు ఒక వాటా చొప్పున పంచుకోవచ్చు. నేలలో అవిభాజ్య వాటా ఎవరికెంతో ముందే రాసుకోవాలి. కింది వాటా ఎవరిది, పైకప్పు ఎవరిది అన్న దగ్గరే ఇలాంటి ఒప్పందాలు చెడతాయి. అందుకని ఆ మాట మొదటి రోజే మాట్లాడండి, మొహమాటపడకండి. వెడల్పుకు నాలుగు రెట్లు లోతున్న సన్నటి జాగాలకు పక్క ఖాళీని ముందూ వెనకలకు సర్దుకునే వీలు జీవో 168లో ఉంది. అలాంటి జాగాలో పక్క ఖాళీ వదలాల్సినవాళ్లు దాన్ని తప్పక అడగాలి.

మూడోది కూల్చే పని. మన పాత ఇళ్ల డంగుసున్నం గోడలు ఉమ్మడి గోడలు. దూలం ఒక కొస మీ గోడలో ఉంటే రెండో కొస అన్నగారి గోడలో ఉంటుంది. మీ సగం పడగొట్టే రోజు ఆయన సగం పైకప్పు బీటలు వారుతుంది. ఇంజినీరును పిలిచి, ఆ దూలం కొసల కింద ముందుగా ఇటుక పిల్లరో ఇనుప గుంజో నిలబెట్టించి, అప్పుడు గడ్డపార వేయించండి. పక్కింటి గోడలకు ముందు రోజే ఫొటోలు తీసి ఒక కాపీ వాళ్లకూ ఇవ్వండి. తర్వాత "ఈ బీట పాతదే", "కాదు మీవల్లే" అన్న గొడవ ఉండదు. పక్కింటాయన రేపు ఉమ్మడి గోడకు ఒప్పుకుంటూ సంతకం పెట్టాల్సిన మనిషి. ఆ సంతకం విలువ ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

దొంగచాటుగా కట్టేస్తే పోలేదా అని అనుకునేవాళ్లు మనలోనే ఉన్నారు. వాళ్లతో కోపంగా కాక ఓపికగా మాట్లాడండి. 2007 చివర్లో ఒకసారి, 2015లో ఒకసారి అక్రమ కట్టడాలను రుసుం కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకాలు వచ్చాయి. అందుకే "ఇంకోటి వస్తుందిలే" అన్న ధీమా. కానీ 2015 పథకం హైకోర్టులో చిక్కుకుంది, డబ్బు కట్టినవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. అనుమతి లేకుండా కట్టిన ఇంటికి ఆస్తి పన్ను మీద జరిమానా పడుతుంది. 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలో 452, 636 సెక్షన్ల కింద నోటీసు, కూల్చివేత ఎప్పుడైనా రావచ్చు. 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. కట్టడం పూర్తయి నివాసయోగ్యమన్న పత్రం చూశాకే బ్యాంకులు అప్పు ఇవ్వాలి, కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలి అని. అనుమతి లేని ఇల్లు రేపు మీ అబ్బాయి చదువుకు తాకట్టు పెట్టబోతే బ్యాంకు తలుపు దగ్గరే ఆగిపోతుంది. అమ్మబోతే సగం ధర అడుగుతారు.

ఒక్కొక్కరుగా పోతే కౌంటర్ దగ్గర "రూల్ ఒప్పుకోదు" అన్న ఒక్క మాటతో వెనక్కి వస్తాం. గల్లీ మొత్తం ఒకే అర్జీతో పోతే అదే మనిషి పై అధికారికి ఫైలు పంపాల్సి వస్తుంది. పంపితే దానికి ఒక నంబర్ పడుతుంది. నంబర్ పడితే ఏమైందని అడిగే హక్కు మనకుంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సిందే. మీ గల్లీకి రోడ్డు విస్తరణ ప్రతిపాదన ఉందా, ఎంత వెడల్పుకు, ఆ నక్షా కాపీ ఇవ్వండి అని ఈ వారమే ఒక దరఖాస్తు పెట్టండి. జవాబు వచ్చేసరికి అర్జీకి కావాల్సిన ఆధారం మీ చేతిలో ఉంటుంది.

హైదరాబాద్ మొదటి మేయర్ మాడపాటి హనుమంతరావు గారి పేరున్న బాలికల పాఠశాల మన నారాయణగూడలోనే ఉంది. ఆడపిల్లలు తెలుగులో చదువుకోవడానికి చోటు లేని రోజుల్లో పదిమందిని కూడగట్టి నిలబెట్టిన బడి అది. ఈ బస్తీల్లో పదిమంది కలిసి సాధించిన పనులు ఉన్నాయి. ఇది వాటికంటే కష్టమైనదేమీ కాదు.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ గేటు దగ్గరికి రండి. దస్తావేజు జిరాక్సు, ఇంటి పన్ను రసీదు తెండి. జాగా కొలతలు, మీ ఇంటి ముందు గల్లీ వెడల్పు ఒక కాగితం మీద రాసుకుని రండి. అసలు దస్తావేజులు తేవద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. గల్లీ వెడల్పు కొలిచేటప్పుడు అరుగులు, మెట్లు లెక్కలోకి తీసుకోకుండా గోడ నుంచి గోడకు పట్టండి. ప్రతి ఇంటి లెక్కా అక్కడే వేసి, ఎవరికి ఇప్పుడే అనుమతి వస్తుందో, ఎవరికి నిబంధన మారాలో విడదీసి చెబుతాం. ఇప్పుడే వచ్చేవాళ్ల దరఖాస్తులు ఆ రోజే మన కాలేజీ పిల్లలు ఫోన్లలో నింపి పెడతారు, ఎవరూ పైసా ఇవ్వక్కర్లేదు. మిగతా అందరి సంతకాలతో గల్లీకో అర్జీ తయారవుతుంది. సోమవారం ప్రజావాణిలో ఆ అర్జీలన్నీ ఒకేసారి ఇస్తాం, రసీదు తీసుకుంటాం, ఆ రసీదుల కాపీలు మన ఎమ్మెల్యేకు, కార్పొరేటర్‌కు అందజేస్తాం.

నడవలేని పెద్దలుంటే వాళ్ల ఇంటికే వచ్చి కొలుస్తాం. పక్కింటివాళ్లతో కబురు పెట్టండి. మగవాళ్లు డ్యూటీకి పోతే ఆడవాళ్లు రండి. జాగా అక్క పేరు మీదుంటే అక్కే రావాలి, అర్జీ మీద ఆమె సంతకమే ఉండాలి.

ఈ కాగితం చదివాక పారేయకండి. పక్కింటి తలుపు సందులో పెట్టండి.

— చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ చిన్న జాగాల ఇళ్లవాళ్లు